పిల్లి మొర

నిన్నటివరకు తన యిచ్చవచ్చినట్లు తిరిగిన పెంపుడుపిల్లి నేడు మీ కాళ్లను విడువక యరచుచున్నచో, మారామని కసరకుడు. పిల్లి బాధను దాచుకొను జంతువు. నడవడిలోని మార్పే దాని మొర.

మొదట ఇంటిలో నేమి మాఱినదో చూడుడు. క్రొత్తవారి రాక, దీపావళి మందుగుండు, 2020 ఆగస్టులో వరంగల్లు కాలనీలు నీట మునిగినప్పటివంటి కల్లోలము దానిని బెదరించును. అట్లైనచో వేళకు తిండి, దాగుటకొక పెట్టె, నెమ్మది మాటలు చాలును.

కాని తిండి మానినను, మగపిల్లి పలుమారు కూర్చుండియు మూత్రము విడువలేకున్నను జాగు చేయరాదు. మూత్రమార్గము మూసికొనినచో ఒకటి రెండు దినములలోనే ప్రాణాపాయము. మనము మ్రింగు పారాసెటమాల్ మాత్ర దానికి విషము. ఇంటివైద్యము మాని వెంటనే పశువైద్యునికి చూపుడు.

ఒడి వెదకు ప్రాణిని త్రోయక, ఏల వెదకుచున్నదో యోచింపుడు.