మంట ఆరిన తరువాత: ఒక పాత యుద్ధవిమానం మిగిల్చిన పాఠాలు

యుద్ధాలు ముగిసిన వెంటనే యుద్ధయంత్రాలు మరణించవు. కొన్ని కొలిమిలో కరిగి గిన్నెలుగా, చెంచాలుగా మారుతాయి. కొన్ని ప్రదర్శనశాలలలో నిశ్చలంగా నిలబడతాయి. బహుకొద్ది మాత్రం, వాటిని ప్రేమించేవారి శ్రమవల్ల, ఇంకా ఎగురుతూనే ఉంటాయి. అలా ఎగిరిన వాటిలో ‘నైన్-ఓ-నైన్’ అనే బి-17 బాంబరు ఒకటి. 2019 అక్టోబరు 2వ తేదీ ఉదయం కనెక్టికట్ రాష్ట్రంలోని విండ్సర్ లాక్స్ వద్ద, బ్రాడ్లీ అంతర్జాతీయ విమానాశ్రయంలో అది కూలిపోయింది. ఏడుగురు మరణించారు.

హార్ట్‌ఫర్డ్ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు బ్రాడ్లీ కొత్త పేరు కాదు. స్వదేశ ప్రయాణానికి బయలుదేరేదీ, ఊరినుండి వచ్చే అమ్మానాన్నలకు ఎదురువెళ్లేదీ చాలామందికి అక్కడే. ఆనాటి మంటలు కొద్దిసేపటికే ఆరిపోయాయి. కాని ఆ మంట లేవనెత్తిన ప్రశ్నలు ఇంజను లోపలి నిప్పురవ్వనుండి నదిలోని చేపవరకు వ్యాపించాయి.

ఒక విమానం, మూడు జన్మలు

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా 12,731 బి-17 విమానాలను నిర్మించింది. నాలుగు ఇంజన్ల ఈ బాంబరుకు ‘ఫ్లయింగ్ ఫోర్‌ట్రెస్’, అనగా ఎగిరే కోట, అని పేరు. అసలైన ‘నైన్-ఓ-నైన్’ ఇంగ్లండునుండి జర్మనీపైకి 140 సార్లు దాడికి వెళ్లి, తన సిబ్బందిలో ఒక్కరినీ పోగొట్టుకొనని విమానం. యుద్ధానంతరం అది తుక్కుగా పోయింది. 2019లో కూలినది దాని పేరును, రంగులను ధరించిన వేరొక బి-17.

ఈ రెండవ విమానం కథ మరింత విచిత్రమైనది. 1945లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ కర్మాగారంలో తయారైన ఇది యుద్ధంలో పాల్గొననే లేదు. సముద్రంలో ఆపదలో ఉన్నవారిని రక్షించే పనిలో కొంతకాలం ఉన్నది. 1952లో నెవాడా ఎడారిలో మూడు అణువిస్ఫోటాల ప్రభావాన్ని పరీక్షించడానికి దీనిని లక్ష్యంగా నిలిపారు. దాని ఒంటికి అంటిన రేడియోధార్మికత తగ్గేవరకు పదమూడేళ్లు పక్కన పెట్టి, ఆపైన తుక్కుక్రింద అమ్మారు. కొన్నవారు బాగుచేసి, అడవులలో కార్చిచ్చులపై నీరు, రసాయనాలు చల్లే విమానంగా రెండు దశాబ్దాలు వాడారు. 1986లో మసాచుసెట్స్‌కు చెందిన కాలింగ్స్ ఫౌండేషన్ దీనిని సేకరించి, తొలినాటి బాంబరు రూపానికి తెచ్చింది. నాటినుండి ఊరూరా తిరుగుతూ, సుమారు 450 డాలర్లు చెల్లించినవారిని అరగంటసేపు ఆకాశంలో తిప్పుతూ వచ్చింది. ఆ టిక్కెట్టు కొన్నవారిలో చాలామంది తండ్రినో తాతనో తలచుకొని ఎక్కినవారే.

ఆరు నిమిషాలు

ఆ రోజు విమానంలో ముగ్గురు సిబ్బంది, పదిమంది ప్రయాణికులు ఉన్నారు. ఉదయం సుమారు 9:47కు అది నేలవిడిచింది. కొద్ది నిమిషాలలోనే కుడిరెక్క చివరనున్న నాలుగవ ఇంజను సరిగా పనిచేయడం లేదని గ్రహించిన పైలట్లు తిరిగి దిగడానికి అనుమతి కోరారు. పైలట్ ఆ ఇంజనును ఆపివేశారు. అదే రెక్కపైనున్న మూడవ ఇంజను కూడా పూర్తిశక్తి ఇవ్వడం లేదు. ఈ స్థితిలో చక్రాలను ముందుగానే క్రిందికి దించడంవలన గాలి నిరోధం పెరిగింది, వేగం తగ్గింది. విమానం రన్‌వేకు ముందున్న దీపాల వరుసను తాకి, రన్‌వేకు దాదాపు 500 అడుగుల ఇవతలే నేలకు తగిలింది. అక్కడినుండి కుడివైపుకు మళ్లి, వాహనాలను, రెక్కలపై మంచు కరిగించే ద్రవం నిలువచేసిన తొట్టిని ఢీకొని, మంటలలో చిక్కుకొన్నది. అప్పుడు సమయం 9:53.

పైలట్లు ఇద్దరు, ప్రయాణికులు ఐదుగురు మరణించారు. మిగిలిన ఆరుగురు గాయాలతో బయటపడ్డారు. వారిలో ఒకరు తాను గాయపడి కూడా, వెంటనున్న అగ్నినిరోధకమైన చేతి తొడుగులు ధరించి ద్వారం తెరిచి, ఇతరులు బయటకు రావడానికి తోడ్పడ్డారు.

నిప్పురవ్వ శాస్త్రం

కారు ఇంజనుకూ, ఈ విమానపు ఇంజనుకూ మూలసూత్రం ఒక్కటే. ఇంధనపు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమాన్ని సిలిండరులో అదిమి, సరియైన క్షణంలో విద్యుత్తు రవ్వతో మండించాలి. బి-17లోని ఒక్కొక్క ఇంజనుకు తొమ్మిది సిలిండర్లు, 1,200 అశ్వశక్తి. ప్రతి సిలిండరుకు రెండేసి స్పార్క్ ప్లగ్గులు. వాటికి విద్యుత్తునిచ్చేవి ‘మాగ్నెటో’ అనే రెండు చిన్న యంత్రాలు. ఇవి బ్యాటరీతో పనిలేకుండా, తిరిగే అయస్కాంతంద్వారా విద్యుత్తును పుట్టిస్తాయి. ఒకటి చెడినా రెండవది నిలబెట్టాలన్నదే ఈ జంట ఏర్పాటులోని ఉద్దేశం.

మాగ్నెటోను ఆపే పద్ధతి చిత్రమైనది. దాని తీగను ఇంజను లోహశరీరానికి తాకిస్తే విద్యుత్తు ప్లగ్గుకు పోక అటు పారిపోతుంది. అంటే, ఆ తీగ పొరపాటున శరీరానికి తగిలినా మాగ్నెటో ఆగిపోతుంది. నాలుగవ ఇంజనులో జరిగినది ఇదే. ఒక మాగ్నెటో తీగ ఊడకుండా ఎవరో మామూలు బిగింపు తీగతో కట్టి ఉంచారు. అది కదిలి, లోహానికి తగిలి, ఆ మాగ్నెటోను మూగబోయేటట్లు చేసింది. ఆదుకోవలసిన రెండవ మాగ్నెటో పరిస్థితి కూడా అంతంతమాత్రమే. దానిలోని ఒక భాగం హద్దు దాటి అరిగిపోయి, మీటల మధ్య ఎడం ఉండవలసినదానిలో సగానికి తక్కువగా ఉన్నది. పరీక్షించినప్పుడు తొమ్మిది సిలిండర్లలో నాలుగింటికి బలహీనమైన రవ్వ ఇచ్చింది, లేదా అసలే ఇవ్వలేదు. ఒకటి పోతే ఒకటి ఉన్నదన్న ధైర్యం, రెండింటినీ సరిచూసినంతకాలమే నిలుస్తుంది.

మూడవ ఇంజనులో ప్లగ్గులు మసిబారి, వాటి కొనల మధ్య ఎడం హద్దులు తప్పి ఉన్నది. ‘డెటొనేషన్’ జరిగిన గుర్తులు కూడా కనబడ్డాయి. మామూలు దహనంలో జ్వాల ప్లగ్గు వద్ద పుట్టి, గడ్డివామికి నిప్పంటినట్లు వరుసగా సాగిపోతుంది. డెటొనేషన్‌లో జ్వాల చేరకముందే మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తాళలేక ఒక్కసారిగా పేలుతుంది. ఆ దెబ్బ పిస్టనుకు సమ్మెటపోటు వంటిది. శక్తి తగ్గుతుంది, లోహం దెబ్బతింటుంది.

ఈ పేలుడును అరికట్టడానికే పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని కలపడం 1920వ దశకంలో ఆరంభమైనది. కార్లు ఆ సీసాన్ని విడిచిపెట్టినా, ఇటువంటి విమానాలు వాడే ఇంధనంలో అది ఇంకా ఉన్నది. లీటరుకు 0.56 గ్రాముల వరకు సీసం ఉండవచ్చు. అది సిలిండరులో పేరుకొనకుండా, ఆవిరై బయటకు పోయేటట్లు చేయడానికి బ్రోమిన్ సమ్మేళనం ఒకటి తోడుగా కలుపుతారు. అయినా కొంత మిగిలి ప్లగ్గులకు పట్టుకొంటుంది. కనుకనే ఇటువంటి ఇంజన్లలో ప్లగ్గులను తరచుగా విప్పి, శుభ్రపరచి, ఎడం కొలిచి మళ్లీ బిగించడం తప్పనిసరి విధి. ఆ ఉదయం పోసిన ఇంధనపు నమూనాలో దోషమేమీ కనబడలేదు. దోషమంతా ఎవరో విప్పి చూడవలసిన చోట ఉన్నది.

జాతీయ రవాణా భద్రతా మండలి 2021లో తన నిర్ణయం ప్రకటించింది. ఇంజను ఆపిన తరువాత విమానపు వేగాన్ని, స్థితిని పైలట్ సరిగా నిర్వహించకపోవడం ప్రమాదానికి కారణమని తేల్చింది. యాత్రలో ఉండగా జరిగిన నిర్వహణ లోపభూయిష్టంగా ఉండడం, సంస్థలోని భద్రతా వ్యవస్థ ఫలప్రదంగా లేకపోవడం, ఆ వ్యవస్థపై ప్రభుత్వ పర్యవేక్షణ చాలకపోవడం దోహదం చేశాయని కూడా చెప్పింది. ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటున్నది. ఆ పైలటే విమాన నిర్వహణకు కూడా అధిపతి. బి-17పై వేల గంటల అనుభవం ఆయనది. నడిపేవారు, బాగుచేసేవారు, బాగున్నదని సంతకం చేసేవారు ఒక్కరే అయినప్పుడు తప్పును పట్టుకొనే రెండవ కన్ను మిగలదు. ఇంజనుకు రెండు మాగ్నెటోలు ఎందుకో, తనిఖీకి ఇద్దరు మనుషులు కూడా అందుకే.

నురుగు నదిలో చేరినప్పుడు

విమానపు మంటను నీటితో మాత్రమే ఆర్పలేరు. పెట్రోలు నీటికన్న తేలిక గనుక పైకి తేలి మండుతూనే ఉంటుంది. దానికోసం 1960వ దశకంలో అమెరికా నౌకాదళం, 3ఎం సంస్థ కలిసి ఒక ప్రత్యేకమైన నురుగును రూపొందించాయి. దానిలోని ఫ్లోరిన్ సమ్మేళనాలు నీటి తలతన్యతను ఎంతగానో తగ్గిస్తాయి. అప్పుడు పలుచని నీటిపొర ఒకటి పెట్రోలుపైననే పరచుకొని, ఆవిరిని లోపలే అణచివేస్తుంది. ఎన్నో ప్రాణాలను కాపాడిన రసాయనమిది.

అయితే కర్బనానికీ ఫ్లోరిన్‌కూ మధ్య బంధం కర్బన రసాయనశాస్త్రంలో అతిగట్టి బంధాలలో ఒకటి. నురుగుకు ఆ గుణం ఇచ్చినదీ అదే, అది ప్రకృతిలో నశించకుండా చేస్తున్నదీ అదే. సూర్యరశ్మికీ సూక్ష్మజీవులకూ లొంగని ఈ ‘పీఫాస్’ పదార్థాలు నేలలో ఇంకి, బావులలో చేరి, చేపలలోకి, మనుషుల రక్తంలోకి ప్రవేశిస్తాయి. కొన్ని క్యాన్సర్లకూ, కొలెస్టరాల్ పెరుగుదలకూ, టీకాల ప్రభావం తగ్గుదలకూ వీటితో సంబంధం ఉన్నట్లు పరిశోధనలు చూపుతున్నాయి.

బ్రాడ్లీకి ఈ సంగతి అప్పటికే అనుభవం. 2019 జూన్‌లో అక్కడి ఒక ప్రైవేటు హ్యాంగరునుండి ఈ నురుగు పొరపాటున విడుదలై ఫార్మింగ్టన్ నదిలో చేరింది. ఆ నదిలోని కొంత భాగంలో పట్టిన చేపలు తినవద్దని ఆరోగ్యశాఖ హెచ్చరించింది. జులైలో గవర్నరు ఈ రసాయనాలపై ఒక కార్యదళాన్ని నియమించారు. ఆ దళం ప్రణాళిక రచిస్తున్న రోజులలోనే బి-17 కూలింది. మంటపై మళ్లీ అదే నురుగు చల్లవలసి వచ్చింది. మనుషులు మండుతున్న శకలాలలో ఉండగా అగ్నిమాపక సిబ్బంది చేతనున్న సాధనాన్నే వాడతారు. అందులో వారి తప్పు లేదు. మెరుగైన సాధనాన్ని ముందుగా వారి చేతికి ఇవ్వవలసిన బాధ్యత ఇతరులది.

తరువాత మారినవి

2020 మార్చిలో ఫెడరల్ విమానయాన శాఖ, ఈ సంస్థ డబ్బు తీసుకొని ప్రయాణికులను ఎక్కించుకొనడానికి ఇచ్చిన ప్రత్యేక అనుమతిని రద్దు చేసింది. ఇటువంటి వినోదయానాలపై నియమాలను కట్టుదిట్టం చేయాలని భద్రతా మండలి 2021లో సిఫారసు చేసింది. అదే సంవత్సరం కనెక్టికట్ శాసనసభ పీఫాస్ నురుగును దశలవారీగా తొలగించే చట్టం చేసింది. 2023 జనవరిలో అమెరికా రక్షణశాఖ ఫ్లోరిన్ లేని నురుగుకు ప్రమాణాలను ప్రకటించడంతో విమానాశ్రయాలకు మార్గం సుగమమైనది. 2024 ఏప్రిల్‌లో పర్యావరణ సంస్థ త్రాగునీటిలో రెండు ప్రధాన పీఫాస్ పదార్థాలకు, ఒక్కొక్కదానికి, లక్ష కోట్ల భాగాలకు 4 భాగాలు అన్న పరిమితిని విధించింది. అనగా పది లక్షల టన్నుల నీటిలో 4 గ్రాములు.

పాత విమానాల కష్టాలు ఒక్క నిర్వహణతో తీరేవి కూడా కావు. 2022 నవంబరు 12న డల్లాస్ ప్రదర్శనలో మరొక బి-17ను వేరొక పాత యుద్ధవిమానం గాలిలో ఢీకొనగా ఆరుగురు మరణించారు. అక్కడి లోపం ఇంజన్లలో కాదు, విమానాలు పరస్పరం ఎడంగా ఉండేటట్లు ముందుగా ప్రణాళిక వేయకపోవడంలో ఉన్నది. 2023లో బి-17ల రెక్కలు శరీరానికి అతికే చోట పగుళ్లు వెదకాలని ప్రభుత్వం ఆదేశించింది. డెబ్బయి ఏళ్లు పైబడిన లోహం ఎంతో ప్రేమించినా యౌవనానికి తిరిగిరాదు.

స్మరణకు తగిన మార్గం

అయితే ఈ విమానాలను ఎగరనివ్వవచ్చునా? ఇరుపక్షాలకూ వాదం ఉన్నది. నాలుగు ఇంజన్ల ఘోష వింటూ ఆ ఇరుకు లోహపుగొట్టంలో నిలబడితే, ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు ఏ స్థితిలో యుద్ధం చేశారో అర్థమైనంతగా పుస్తకంతో అర్థం కాదని కొందరంటారు. ఎవరి త్యాగాన్ని తలచుకొంటున్నామో వారి పేరిట మరికొన్ని ప్రాణాలు పోకూడదని మరికొందరంటారు. బ్రాడ్లీ ప్రక్కనే ఉన్న న్యూ ఇంగ్లండ్ ఎయిర్ మ్యూజియంలో ఒక బి-29 బాంబరు నేలమీదనే నిలిచి చరిత్ర చెబుతున్నది. ఆ జాతి విమానాలు 1944లో మన ఖరగ్‌పూర్ పరిసరాలనుండి కూడా ఎగిరాయి.

నిర్ణయం ఏదైనా, భక్తి ఒక్కటే విమానాన్ని గాలిలో నిలబెట్టదు. ఈ ప్రమాదం జరిగినది శరన్నవరాత్రుల దినాలలో. ఆయుధపూజనాడు మన పనివారు పనిముట్టుకు ముందు పసుపుకుంకుమలు పెట్టరు. తుప్పు రాలగొట్టి, మురికి కడిగి, నూనె రాసి, ఆ తరువాతనే బొట్టు పెడతారు. శుభ్రం చేయని పనిముట్టుకు పెట్టిన బొట్టు పూజ అనిపించుకోదు. పాత విమానానికి పూర్వపు పేరు, పూర్వపు రంగులు వేయడం ఆ బొట్టు వంటిది. ప్లగ్గు విప్పి ఎడం కొలవడం అసలైన పూజ.

మరి పిల్లలను వెంటబెట్టుకొని విమాన ప్రదర్శనలకు వెళ్లే కుటుంబాలు మానుకోనక్కరలేదు. చూడడం వేరు, ఎక్కడం వేరు. ఇటువంటి యానాలు మామూలు విమానసంస్థల నియమాలకు లోబడినవి కావని ముందుగా తెలుసుకొనాలి. చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది, ఎవరు చేశారు, చేసినవారిని మరొకరు సరిచూశారా, నడుముపట్టీ ఎక్కడ, బయటకు పోయే ద్వారం ఎక్కడ అని అడగడంలో అమర్యాద లేదు. సూటిగా జవాబు చెప్పేవారి విమానం ఎక్కాలా వద్దా అన్నది ఆలోచించవచ్చు. ప్రశ్నకే విసుగుకొనేవారి టిక్కెట్టు మాత్రం కొనకపోవడం మంచిది.