ఇంగ్లీష్ క్లాసులో ఎక్కువ మాట్లాడాల్సింది ఎవరు?

పదో తరగతి ఇంగ్లీష్‌లో మంచి మార్కులే వస్తాయి. నాలుగేళ్ల బీటెక్ కూడా ఇంగ్లీష్ మీడియంలోనే అయిపోతుంది. కానీ క్యాంపస్ ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అని ఇంగ్లీష్‌లో అడగ్గానే నోరు పెగలదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్న రోజుల్లో ఇలాంటి వాళ్లని చాలామందిని చూశాను. కోడ్ బ్రహ్మాండంగా రాస్తారు, మీటింగ్‌లో మాత్రం మ్యూట్ తియ్యరు. తెలివి తక్కువై కాదండి, మాట్లాడే అలవాటు లేక. ఆ అలవాటు హైస్కూల్లోనే పడాలి. అందుకే ఈ ఎపిసోడ్ ఇంగ్లీష్ టీచర్ల కోసం.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. పీరియడ్ 45 నిమిషాలు, క్లాసులో 40 మంది అనుకోండి. పాఠం చదివి, తెలుగులో అర్థం చెప్పి, జవాబులు బోర్డు మీద రాసేసరికి 35 నిమిషాలు అయిపోతాయి. మిగిలిన 10 నిమిషాల్లో ఒక్కొక్కర్నీ లేపి మాట్లాడించినా, మనిషికి వచ్చేది 15 సెకన్లు. నిజానికి అది కూడా ముందు బెంచీ నలుగురికే పోతుంది. అదే 10 నిమిషాలు ఇద్దరిద్దర్ని జంటగా మాట్లాడిస్తే? ఒకేసారి 20 జంటలు, ఒక్కొక్కరికి 5 నిమిషాలు. అంటే 20 రెట్లు! మా భాషలో దీన్ని ప్యారలల్ ప్రాసెసింగ్ అంటాం. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఈ లెక్క మీద పనిచేసే పద్ధతులు నాలుగు చెప్తాను.

మొదటిది థింక్-పెయిర్-షేర్. 1981లో ఫ్రాంక్ లైమన్ అనే అమెరికన్ విద్యావేత్త చెప్పిన పద్ధతి ఇది. ప్రశ్న అడగ్గానే చేతులు ఎత్తించకండి. ఒక నిమిషం ఎవరికి వాళ్లు ఆలోచించుకోవాలి, తర్వాత పక్కవాళ్లకి చెప్పాలి, ఆ తర్వాతే క్లాసుకి. భయపడే పిల్లలకి మధ్యలో ఒక రిహార్సల్ దొరుకుతుంది.

రెండోది జిగ్‌సా. 1971లో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఎలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్ట్ మొదలుపెట్టారు. అప్పుడే వేర్వేరు జాతుల పిల్లల్ని ఒకే స్కూళ్లలో కలిపారు, గొడవలు జరుగుతున్నాయి. ఒకరి అవసరం ఇంకొకరికి ఉండేలా పాఠాన్ని ముక్కలు చేసి పంచారు. మనం కూడా చెయ్యొచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో నెల్సన్ మండేలా పాఠం ఉంది. నలుగురు ఉన్న గ్రూపులో ఒకరికి ప్రమాణ స్వీకారం, ఒకరికి వర్ణవివక్ష, ఒకరికి ధైర్యం గురించి ఆయన మాటలు, ఒకరికి కుటుంబం, ప్రజల పట్ల బాధ్యతల గురించిన భాగం ఇవ్వండి. చదివి మిగతా ముగ్గురికీ చెప్పాలి. చెప్పకపోతే వాళ్లకి పాఠం పూర్తికాదు.

మూడోది ఇన్ఫర్మేషన్ గ్యాప్. ఒకరి కాగితంలో రైలు టైములు, ఇంకొకరి దాంట్లో టికెట్ రేట్లు ఉంటాయి. చూపించుకోకూడదు, అడిగి తెలుసుకోవాలి. "వాట్ టైమ్ డజ్ ఇట్ లీవ్?" అనే ప్రశ్న అప్పుడు నిజంగా అవసరమై వస్తుంది.

నాలుగోది రన్నింగ్ డిక్టేషన్. వరండా గోడకి ఒక పేరా అంటించండి. ఒకరు వెళ్లి చదివి, గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పాలి, రెండోవాళ్లు రాయాలి. చదవడం, చెప్పడం, వినడం, రాయడం నాలుగూ ఒకే ఆటలో అయిపోతాయి. లంచ్ తర్వాత పీరియడ్‌కి ఇది భలే పనికొస్తుంది.

మరి తప్పులు మాట్లాడితే? "ఫీవర్ కేమ్ టు మీ" అన్నారనుకోండి. మనం "నాకు జ్వరం వచ్చింది" అంటాం కదా, ఆ తెలుగు వాక్యమే ఇంగ్లీష్ చొక్కా వేసుకుని వచ్చింది. మధ్యలో ఆపి నవ్వితే ఆ పిల్లాడు మళ్లీ నోరు విప్పడు. క్లాసులో తిరుగుతూ అలాంటివి నోట్ చేసుకోండి. చివరి 5 నిమిషాల్లో పేర్లు చెప్పకుండా బోర్డు మీద రాసి, అందరితో కలిసి సరిచెయ్యండి.

క్లాసు గోలగా ఉంటుంది, నిజమే. పక్క క్లాసు టీచర్‌కి, హెడ్మాస్టర్‌కి ముందే ఒక మాట చెప్పండి. సిలబస్ అవ్వదని భయమా? జిగ్‌సాలో చేసేది సిలబస్ పాఠమే. రోజూ నాలుగూ అక్కర్లేదు, వారానికి రెండుసార్లు 10 నిమిషాలతో మొదలుపెట్టండి.

మీ క్లాసులో ఏది పనిచేసిందో కామెంట్‌లో చెప్పండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.