పగడపు దిబ్బ అక్వేరియంలో నీరు పొంగిపొర్లడం - నివారణ

పగడపు దిబ్బ అక్వేరియం అనగా సముద్రపు పగడాలను, చేపలను, ఇతర చిన్న జీవులను ఉప్పునీటిలో పెంచే గాజుతొట్టి. ఇళ్ళలో ఏర్పాటు చేసుకొనే ఇటువంటి తొట్టెలలో చాలావాటికి అడుగున మరొక తొట్టి ఉంటుంది. దీనిని సంప్ అంటారు. నీరు ఈ రెండు తొట్టెల మధ్య నిరంతరం ప్రవహిస్తూ ఉంటుంది. ఈ ప్రవాహంలో సమతూకం తప్పినపుడు నీరు గదిలోకి పొంగిపొర్లుతుంది. అందువలన నేల, సామాను పాడవడమే గాక విద్యుదాఘాతం కలిగే ప్రమాదమూ, తొట్టెలోని జీవులు మరణించే ప్రమాదమూ ఉన్నాయి.

నిర్మాణం

పై తొట్టెలో ఒక మూలన గాజు అడ్డుగోడ ఉంటుంది. నీటిమట్టం ఈ గోడ అంచును దాటినపుడు ఎక్కువైన నీరు గొట్టం ద్వారా సంప్‌లోకి దిగుతుంది. అక్కడ వడపోత జరిగిన తరువాత పంపు దానిని తిరిగి పైకి పంపుతుంది. 1986లో జార్జ్ స్మిట్ ఒక అమెరికన్ అక్వేరియం పత్రికలో రాసిన వ్యాసాల వలన ఇటువంటి అమరిక ఆ దేశపు అభిరుచిపరులలో ప్రాచుర్యం పొందింది.

నీరు దిగడం భూమ్యాకర్షణ వలన, ఎక్కడం విద్యుత్తు వలన జరుగుతాయి. ఈ రెండింటిలో ఏది ఆగినా నీరు ఒకవైపే చేరుతుంది. పంపు ఆగితే సంప్, దిగే గొట్టం మూసుకుపోతే పై తొట్టి పొంగుతాయి.

విద్యుత్తు ఆగినపుడు

పంపు ఆగిన వెంటనే, నీటిని పైకి తెచ్చే గొట్టమే సైఫన్‌గా మారి నీటిని వెనక్కు లాగుతుంది. ఆ గొట్టపు మూతి నీటి పైకి తేలి, గాలి లోపలికి పోయేవరకు ఇది ఆగదు. ఎంత నీరు దిగుతుందో సులభంగా లెక్క కట్టవచ్చును.

ఉదాహరణకు పై తొట్టి పొడవు 120 సెం.మీ., వెడల్పు 60 సెం.మీ. అనుకుంటే, ఒక్క సెంటీమీటరు మట్టం తగ్గినా 7.2 లీటర్ల నీరు కిందికి వస్తుంది. గొట్టపు మూతి నీటిమట్టానికి 5 సెం.మీ. లోతున ఉంటే 36 లీటర్లు దిగుతాయి. సంప్ పొడవు 90 సెం.మీ., వెడల్పు 40 సెం.మీ. అయితే అందులో మట్టం 10 సెం.మీ. పెరుగుతుంది. మూతిని 2 సెం.మీ. లోతుకు మార్చితే దిగే నీరు 14.4 లీటర్లు, పెరిగే మట్టం 4 సెం.మీ. మాత్రమే. గొట్టాలలో నిలిచిన నీరు కూడా దీనికి తోడవుతుంది. కనుక లెక్కలో వచ్చిన దానికంటే ఎక్కువ ఖాళీని సంప్‌లో ఎల్లప్పుడూ ఉంచాలి.

కొందరు గొట్టానికి నీటిమట్టం వద్ద చిన్న రంధ్రం చేస్తారు. మట్టం కొద్దిగా తగ్గగానే అందులోనుండి గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. అయితే ఈ రంధ్రాన్ని నాచు, నత్తలు మూసివేయవచ్చును. నీరు వెనక్కు రాకుండా ఆపే చెక్ వాల్వ్‌లో కూడా సున్నపు పొరలు పేరుకొని అది పూర్తిగా మూసుకోకపోవచ్చును. అందుచేత ఇవి అదనపు రక్షణలే గాని, సంప్‌లోని ఖాళీకి ప్రత్యామ్నాయాలు కావు.

దిగే గొట్టం మూసుకుపోయినపుడు

ఆకులవంటి నాచు, నత్త, చిన్న చేప గొట్టానికి అడ్డుపడవచ్చును. దీని నివారణకు గోడ అంచున దువ్వెన పళ్ళవంటి జాలీ అమర్చుతారు. ఒకే గొట్టంపై ఆధారపడకుండా మూడు గొట్టాలను అమర్చే పద్ధతిని బీన్ యానిమల్ పద్ధతి అంటారు. ఇందులో మొదటి గొట్టం నిండుగా ప్రవహిస్తుంది. రెండవ దానిలో కొద్దిపాటి నీరు మాత్రమే జారుతుంది. మూడవది మిగిలిన వాటికంటే ఎత్తులో పొడిగా ఉండి, ఆపద సమయంలో మాత్రమే పని చేస్తుంది.

రంధ్రం లేని తొట్టెలకు అంచున తగిలించే పెట్టెలు వాడతారు. వీటిలోని వంపు గొట్టంలో గాలి బుడగలు చేరితే సైఫన్ తెగి, పంపు పైకి పంపిన నీరంతా పొర్లుతుంది.

అన్ని సందర్భాలలోనూ అక్కరకు వచ్చే సూత్రం ఒకటి ఉన్నది. పంపు ఉండే అరలోని మొత్తం నీరు పైకి చేరినా, పై తొట్టి అంచు దాటకూడదు. ఆ అరలో 18 లీటర్లు ఉంటే, పైన చెప్పిన తొట్టెలో మట్టం 2.5 సెం.మీ. పెరుగుతుంది. అంతకంటే ఎక్కువ ఖాళీ పైన ఉంచితే, అర ఖాళీ కాగానే ప్రవాహం ఆగిపోతుంది.

మంచినీటిని నింపే యంత్రం

ఆవిరైపోయేది నీరే గాని ఉప్పు కాదు. కనుక తగ్గినమేరకు మంచినీటినే కలపాలి. ఈ పనిని తేలుడు స్విచ్ గల యంత్రం చేస్తుంది. ఇంటి మీది నీళ్ళట్యాంకులో తేలే బంతి ఇరుక్కుంటే నీరు పొర్లినట్లే, ఈ స్విచ్ ఇరుక్కుంటే మంచినీరు ఆగకుండా చేరుతుంది. 400 లీటర్ల ఉప్పునీటిలో కిలోకు 35 గ్రాముల లవణాలు ఉన్నాయనుకొందాం. అందులో 100 లీటర్ల మంచినీరు చేరితే లవణీయత సుమారు 28కి పడిపోతుంది. ఇంతటి ఆకస్మిక మార్పును పగడాలు తట్టుకోవడం కష్టం. అదే 20 లీటర్లయితే 33 వద్ద ఆగుతుంది. అందువలన మంచినీటి పాత్ర చిన్నదిగా ఉండడం, వేర్వేరు ఎత్తులలో రెండు స్విచ్‌లు అమర్చడం మంచిది. నీరు కారిపోతున్నపుడు కూడా ఈ యంత్రం మంచినీటినే నింపుతుందని, అందువలన లవణీయత తెలియకుండా తగ్గుతుందని గుర్తుంచుకోవాలి.

విద్యుత్ జాగ్రత్తలు

ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం. ప్లగ్గులను నీటిమట్టం కంటే ఎత్తుగా, తొట్టికి పక్కగా అమర్చాలి. ప్రతి వైరును సాకెట్ కంటే కిందికి వంపుగా వేలాడదీస్తే, వైరు వెంట జారిన నీటి బొట్లు సాకెట్‌లోకి పోకుండా వంపు వద్దనే రాలిపోతాయి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి కరెంటును తెంచే ఆర్.సి.సి.బి. తప్పనిసరి. నేలపై నీరు నిలిచి ఉంటే మెయిన్ స్విచ్ ఆపిన తరువాతనే అందులో అడుగు పెట్టాలి.

పరీక్ష

కొత్త అమరికను జీవులను చేర్చక ముందే పరీక్షించాలి. పంపును ఆపి, నీరు దిగడం పూర్తయిన తరువాత సంప్‌లో ఎంతవరకు వచ్చిందో చూడాలి. అది అంచును దాటకుండా ఉండే గరిష్ఠ పని మట్టాన్ని సంప్‌పై గీతతో గుర్తించి, ఎన్నడూ ఆ గీతను మించి నింపకూడదు. పంపును మళ్ళీ వేసినపుడు సైఫన్ తనంతట తాను మొదలవుతున్నదో లేదో గమనించాలి. తరువాత దిగే గొట్టాన్ని మూసి, పై తొట్టి పొంగకుండా ఉన్నదని నిర్ధారించుకోవాలి. నాచు, సున్నం కాలక్రమేణా పేరుకుంటాయి గనుక ఈ పరీక్షలను మధ్య మధ్య తిరిగి చేయడం అవసరం.