వెజలే – ఒక ఫ్రెంచి కొండయూరు

ఫ్రాన్సు దేశమనగానే మనకు పారిస్ నగరమును, ఐఫెల్ గోపురమును స్ఫురించుట సహజము. కాని ఆ దేశపు పూర్వచరిత్రను ఎరుగగోరువారు చిన్న ఊళ్లకు కూడ పోవలెను. అట్టివానిలో వెజలే యొకటి. పారిస్‌కు ఆగ్నేయదిశగా, బర్గండీ ప్రాంతమున, క్యూర్ నదీలోయ చెంత ఒక కొండ కలదు. సముద్రమట్టమునకు దాని యెత్తు సుమారు 300 మీటర్లు మాత్రమే. ఆ కొండమీదికి ఎగబ్రాకిన ఒక వీథి, దాని కిరువైపుల పాత రాతియిండ్లు, శిఖరమున ఒక గొప్ప దేవాలయము – ఊరంతయు నింతే. నేడచ్చట నివసించువారు అయిదువందలమందియైనను లేరు. అయినను ఒకప్పుడు రాజులును, మతగురువులును, వేలకొలది యాత్రికులును ఈ వీథినే ఎక్కిపోయిరి.

9వ శతాబ్దమున గిరార్ అను ప్రభువు కొండ దిగువన ఒక మఠమును స్థాపించెను. శత్రువుల దాడులకు వెరచి కొంతకాలమునకు దానిని కొండమీదికి మార్చిరి. 11వ శతాబ్దమున, క్రీస్తు శిష్యురాలైన మగ్దలేనే మరియ అస్థికలు ఈ మఠముననే యున్నవని సన్న్యాసులు ప్రకటించిరి. ఆ మాటతో ఊరి రాత మారినది. దేశదేశముల నుండి భక్తులు రాసాగిరి. స్పెయిన్ దేశమునందలి కంపోస్తెలా క్షేత్రమునకు పోవు ముఖ్యమార్గములలో నొకటి ఇచ్చటనే ప్రారంభమగుచుండెను. యాత్రికుల రాకతో సంపద పెరిగెను. సంపదతో వైరమును పెరిగెను. పన్నులభారము నోర్వలేని ఊరివారు 1106లో మఠాధిపతినే చంపిరి. 1120లో, మరియ పండుగకు ముందురోజున, దేవాలయము అగ్నికి ఆహుతియయ్యెను. వేయిమందికి పైగా మరణించిరని ఆనాటి వృత్తాంతములు చెప్పుచున్నవి.

ఆ బూడిదనుండి లేచినదే నేడు మనము చూచు ఆలయము. దీని మధ్యమండపమునందలి కమానులను లేతరంగు రాయి, ముదురురంగు రాయి మార్చిమార్చి పేర్చి కట్టిరి. జూన్ 21వ తేదీ ప్రాంతమున, మధ్యాహ్నవేళ, దక్షిణపు కిటికీలనుండి వచ్చు ఎండ మండపపు నడినేలపై వెలుగుముద్దలుగా ఒకే వరుసలో పడి, గర్భాలయమునకు దారి చూపుచున్నట్లుండును. డిసెంబరులో ఆ వెలుగే స్తంభశీర్షముల మీదికి ఎక్కును.

ఆ స్తంభశీర్షములు సుమారు నూరు కలవు. బైబిలు కథలు, రాక్షసులు, పాపపుణ్యములు వానిమీద చెక్కబడినవి. ఒక శిల్పమున మోషే ప్రవక్త తిరుగలిలో ధాన్యము పోయుచుండగా, పౌలు క్రింద పిండి పట్టుచుండును. పాతనిబంధన ధాన్యమనియు, దాని సారమే క్రొత్తనిబంధన యనియు భావము. చదువురానివారికి సయితము వేదాంతమును బోధించు పద్ధతి యిది.

అన్నిటికంటె ప్రసిద్ధమైనది లోపలి మహాద్వారముపైనున్న అర్ధవృత్తాకార శిలాఫలకము. నడుమ క్రీస్తు, ఆయన చేతులనుండి కిరణములు శిష్యుల శిరస్సులకు ప్రసరించుచున్నవి. చుట్టును ద్వాదశరాశులు, ఆయా మాసముల వ్యవసాయపనులు. సువార్త చేరవలసిన దూరదేశపు జాతులు కూడ అందు కలవు: చేటలంత చెవులవారు, నిచ్చెన వేసికొని గుఱ్ఱమెక్కు మరుగుజ్జులు, కుక్కతలల మనుష్యులు. ఈ కుక్కతలలవారు మన భారతదేశపు పర్వతములలో నుందురని ప్రాచీన గ్రీకు రచయిత క్టేసియస్ వ్రాసియుండెను. శిల్పి వారిని పరిహసింపలేదు. వారును ఆ వెలుగునకు అర్హులే యన్నట్లు చెక్కెను.

ఇట్టి చోటునుండియే యుద్ధభేరియు మ్రోగెను. 1146లో ఈస్టరు పండుగనాడు బెర్నార్డు అను మహావక్త, 7వ లూయీ రాజు సమక్షమున, జెరూసలేము కొరకు రెండవ మతయుద్ధమును ప్రబోధించెను. జనము ఆలయమున పట్టక కొండవాలున సభ జరిపిరి. ఆ యుద్ధము ఘోరముగా విఫలమయ్యెను. 1190లో ఫ్రాన్సు రాజు ఫిలిప్పు, ఇంగ్లండు రాజు రిచర్డు ఇచ్చటనే కలిసికొని మూడవ యుద్ధమునకు బయలుదేరిరి.

వెజలే వైభవము ఒక నమ్మకముపై నిలిచినది. ఆ నమ్మకము సడలగనే కూలినది. 1279లో ప్రొవాన్సు సీమయందలి సాన్ మాక్సిమాఁ అను ఊర మరియ అస్థికలు దొరకినవని ప్రకటన వెలువడెను. 1295లో పోపు దానిని ఆమోదించెను. యాత్రికులు దారి మార్చుకొనిరి. తరువాతి మతకలహములు, ఫ్రెంచి విప్లవము ఆలయమును మరింత పాడుచేసినవి. 1834లో ప్రాచీనకట్టడముల తనిఖీకి వచ్చిన కథారచయిత మెరిమే లోపల కూర్చుండి చిత్రము గీయుచుండగా, చుట్టును చిన్నరాళ్లు రాలుచుండెనట. ఆయన పూనికవలన, 1840లో 26 ఏండ్ల వియొలే-ల-ద్యూక్ అను వాస్తుశిల్పికి జీర్ణోద్ధరణభారము నప్పగించిరి. ఆ పని 1859 వరకు సాగెను. 1979లో యునెస్కో ఈ ఆలయమును, కొండను ప్రపంచవారసత్వముగా గుర్తించెను.

భారతీయులకు ఈ ఊరు మరియొక విధముగా ఆప్తమైనది. గాంధీజీ, రామకృష్ణ పరమహంస, వివేకానందుల జీవితములను ఐరోపాకు పరిచయము చేసిన రొమేన్ రోలాఁ తన తుదియేండ్లను 1938 నుండి ఇచ్చటనే గడపెను. మొదటి ప్రపంచయుద్ధమును ఖండించి నిందల పాలైన ఆ శాంతిప్రియుడు రెండవ యుద్ధమున జర్మను సైనికులు తన ఊరి నాక్రమించుట కూడ చూడవలసి వచ్చెను. 1944 డిసెంబరు 30వ తేదీన ఆయన ఇచ్చటనే కన్నుమూసెను. ఆ యిల్లు నేడు ఆధునిక చిత్రకళాప్రదర్శనశాలగా నున్నది.

బెర్నార్డు ప్రబోధమునకు 800 ఏండ్లు నిండిన 1946లో, యాత్రికులు పలుదిక్కులనుండి 14 పెద్ద కొయ్యసిలువలను భుజములపై మోసికొని ఈ కొండ నెక్కిరి. వారు వచ్చినది శాంతిని ప్రార్థించుటకు. సమీపమున బందీలుగానున్న జర్మనులు తామును పాల్గొందుమని కోరి, బాంబులకు కూలిన యిండ్ల దూలములతో 15వ సిలువను చేసి తెచ్చిరి. ఆ సిలువలు నేటికిని ఆలయపు గోడలకు ఆనించియున్నవి. శిల్పములను చూడవచ్చినవారు వానిముందును ఒక నిమిషము నిలువక పోరు.