ఒంటికి టార్గెట్ పెట్టకండి

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏ మెయిన్ రోడ్డులో నడిచినా ఒక జిమ్ము కనిపిస్తుంది. అద్దాల గోడ, లోపల పాటలు, బయట ఫీజు బోర్డు. అక్కడినుంచి హోసూరు రోడ్డు వైపు వెళ్తే బొమ్మనహళ్లి, గార్మెంట్ ఫ్యాక్టరీలు. అనంతపురం, చిత్తూరు, కుప్పం వైపు నుంచి వచ్చి ఆ మిషన్ల ముందు ఇరవై ముప్పై ఏళ్లు కూర్చున్న మన ఆడవాళ్లు ఇప్పుడు యాభై, అరవై దాటుతున్నారు. 2016 ఏప్రిల్‌లో పీఎఫ్ డబ్బు తీసుకోవడానికి కేంద్రం కొత్త షరతు పెడితే, పని ఆపి రోడ్డు మీదికొచ్చి దాన్ని వెనక్కి తీసుకునేలా చేసిన తరం ఇది. ఆ రోజు హోసూరు రోడ్డును ఆపినవాళ్లకే ఇప్పుడు కింద కూర్చుంటే చెయ్యి ఊనకుండా లేవడం కష్టమవుతోంది. బస్సు మెట్టెక్కాలంటే కడ్డీ పట్టుకుని ఒళ్లంతా లాగాలి.

బలం పెంచే వ్యాయామం చెయ్యమని డాక్టరు చెబితే మనవాళ్ల జవాబు తెలిసిందే. "ఈ వయసులో నాకేం జిమ్మే తల్లీ, చూసినోళ్లు నగుతారు." ఇంకో జవాబు, "పొద్దున్నించీ చాకిరీ చేస్తానే ఉండాం కదా, మళ్లీ వ్యాయామం ఎందుకు?"

ఇది న్యాయమైన ప్రశ్నే. చాకిరీలో రోజూ అదే బరువు, అదే వంగడం, అదే భుజం. కండ గట్టిపడాలంటే బరువు కొంచెం కొంచెంగా పెరగాలి, మధ్యలో విశ్రాంతి దొరకాలి. ఇంటిపని ఈ రెండూ ఇవ్వదు. మిషన్ ముందు కూర్చునే పనైతే తొడ కండకు అసలు పనే పెట్టదు. పైగా ముట్లు ఆగిపోయాక ఎముక పలచబడటం వేగంగా సాగుతుంది. కాళ్లలో సత్తువ లేక బాత్రూంలో జారితే తుంటి ఎముక విరగొచ్చు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరి సంపాదన ఆగిపోతుందో, ఎవరి చదువు ఆగిపోతుందో మనకు తెలుసు.

వయసైపోయిందనే మాటకు మాత్రం జవాబు ఎప్పుడో దొరికింది. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ అనే డాక్టరు వృద్ధాశ్రమంలో ఉన్న పదిమందితో కాళ్ల బరువుల సాధన చేయించింది. వాళ్ల వయసు 86 నుంచి 96. ఎనిమిది వారాలు పూర్తి చేసినవాళ్ల కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండ పెరిగింది మాత్రం 9 శాతమే. ఈ రెండో అంకె నాకు ఎక్కువ నచ్చుతుంది. ముందు నేర్చుకునేది నరాలు, కండ నిదానంగా వెనకాల వస్తుంది. అద్దంలో ఏమీ కనబడదు, కానీ పీట మీద నుంచి లేవడం కాస్త తేలికవుతుంది. నెల రోజులకే "ఏం మారలేదు" అని మానేసేవాళ్లు చూసేది అద్దాన్ని, చూడాల్సింది పీటను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం బలం పెంచే సాధన వారానికి కనీసం రెండు రోజులు చాలు. అరవై అయిదు దాటినవాళ్లు బ్యాలెన్సు నిలిపే కసరత్తులు కూడా కలిపి మూడు రోజులు చేస్తే మంచిది. రోజూ చెయ్యమని ఎవరూ అనలేదు.

మనవాళ్లు ఇక్కడే చెడగొట్టుకుంటారు. గంటకు ఇన్ని పీసులని లెక్క చెప్పీ చెప్పీ, సూపర్‌వైజర్ గొంతు మన లోపలే స్థిరపడిపోయింది. మొదటి రోజే ముప్పై సార్లు లేచి కూర్చుంటారు. మర్నాడు కాళ్లు పట్టేస్తాయి. మూడో రోజు "ముసలి పీనుగ, దేనికీ పనికిరావు" అని తనను తనే తిట్టుకోవడం. పక్కింటామె కాళ్లు నొస్తున్నాయంటే ఆ మాట అంటామా? వేడినీళ్లు కాచి ఇస్తాం, "రేపు చేద్దువులే అక్కా" అంటాం. ఆ మర్యాద మన కాళ్లకూ ఇవ్వాలి. మనవడికి జ్వరమొచ్చి రెండు వారాలు మానేస్తే మానేసినట్టే. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆపినచోటికంటే ఒక మెట్టు కింద నుంచి ఎత్తుకోవాలి.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తారు. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు వెళ్లి ఎత్తలేకపోయారు. అయినా మనం గుర్తుపెట్టుకుంది పతకాన్నే, ఒలింపిక్స్‌లో భారత మహిళకు దక్కిన మొదటి పతకాన్ని.

మొదలుపెట్టడానికి కుర్చీ చాలు. కూర్చుని లేవాలి, అయిదుసార్లు. చేతులు ఊనాల్సివస్తే ఊనండి. గోడకు అరచేతులు ఆనించి వంగి వెనక్కి రావాలి, అయిదుసార్లు. కుర్చీ వీపు పట్టుకుని మడమలెత్తాలి. అర లీటరు నీళ్ల సీసా అంటే చేతికి అర కిలో బరువు. అది తేలికనిపించాకే లీటరు సీసా. పార్కుల్లో పెట్టిన పరికరాలు కీళ్లు కదిలించుకోవడానికి మంచివే, కానీ చాలావాటిలో బరువు పెంచుకునే వీలుండదు. రాగి ముద్దతో పాటు పప్పో, గుడ్డో, గుప్పెడు వేరుశనగలో కడుపులో పడాలి. అందరికీ పెట్టి అడుగున మిగిలిన చారుతో సరిపెట్టుకుంటే కండ దేనితో పెరుగుతుంది?

కండ ఒకటి రెండు రోజులు సలిపితే భయం లేదు. కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే ఆపాలి. ఛాతీలో బరువుగా ఉన్నా, తల తిరిగినా ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. బీపీ ఉన్నవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు ముందే అడిగి మొదలుపెట్టాలి. ఊపిరి బిగబట్టొద్దు, పైకి వినబడేలా ఒకటి, రెండు అని లెక్కపెడితే ఊపిరి దానంతటదే ఆడుతుంది. కుర్చీని గోడకు ఆనించి వేసుకోండి, ప్లాస్టిక్‌ది కాకుండా కదలనిది చూసుకోండి.