చేలో చౌడు... ట్రంకు పెట్టెలో జవాబు!

మూడేళ్ల కిందట సంక్రాంతికి ఊరెళ్లాను. పండగ వంటల కంటే ముందు నాన్న నన్ను చేనికి తీసుకెళ్లాడు. బోరు కింద వేసిన ఎకరం వేరుశనగ మచ్చలు మచ్చలుగా ఎండిపోతోంది. ఆకుల అంచులు మాడిపోయాయి. డ్రిప్ పైపుల పక్కన తెల్లటి వలయాలు, ఎవరో ముగ్గు పోసినట్టు.

"తెగులనుకుని రెండు తూర్లు మందు కొట్టినా. ఏం లాభం ల్యా. నీళ్లు సాలక ఎండుతాండాది. ఇంకో బోరు ఏస్తే గానీ కుదరదు" అన్నాడు నాన్న.

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. బోరంటే నా సేవింగ్స్ మొత్తం ఊడ్చినట్టే. అయినా సరేనన్నాను. లోన్ కోసం పాస్‌బుక్ వెతుకుతూ ట్రంకు పెట్టె తెరిస్తే, అడుగున రెండు కాగితాలు కనిపించాయి. సాయిల్ హెల్త్ కార్డులు.

ఆ ఒక్క లైన్ ఎవరూ చూడలేదు

2015లో మొదలైన పథకం ఇది. మట్టిని పరీక్షించి 12 అంశాలు రాసిస్తారు. మనవాళ్లు చూస్తే నత్రజని, భాస్వరం, పొటాష్ వరకే చూస్తారు. పైన ఈసీ అని ఒక లైన్ ఉంటుంది. మట్టిలో కరిగిన ఉప్పు ఎంతుందో చెప్పే అంకె అది. మా పాత కార్డులో 0.5. రెండోదాంట్లో 1.8! పెట్టెలో పడున్న ఆ కార్డు ఏడాది ముందే హెచ్చరించింది. చదివినవాళ్లే లేరు.

మన ల్యాబుల్లో మామూలుగా ఒక వంతు మట్టికి రెండు, రెండున్నర వంతుల నీళ్లు కలిపి ఈసీ కొలుస్తారు. ఆ పద్ధతిలో 1 దాటితే జాగ్రత్తపడాలి. వేరే పద్ధతిలో కొలిస్తే అంకె మారిపోతుంది కాబట్టి ఏ పద్ధతో అడగడం మంచిది.

ఉప్పు ఎక్కడి నుంచి వచ్చింది?

ఆన్‌లైన్‌లో జేబులో పట్టే ఈసీ మీటర్ కొని మా బోరు నీళ్లలో ముంచాను. 1.5 చూపించింది. అంటే లీటరుకు దాదాపు ఒక గ్రాము ఉప్పు. తాగితే కాస్త చప్పగా ఉంటాయి, అంతే.

ఇప్పుడు లెక్క చూడండి. ఎకరానికి రెండంగుళాల తడి ఇస్తే రెండు లక్షల లీటర్లు. అంటే ఒక్క తడికి 200 కిలోల ఉప్పు, నాలుగు బస్తాలు! నీళ్లు ఎండకు ఆవిరైపోతాయి, కొన్ని మొక్క తాగుతుంది. ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. డ్రిప్‌తో నీళ్లు తగ్గుతాయి కాబట్టి బస్తాలూ తగ్గుతాయి, కానీ లెక్క ఆగదు. మా భాషలో చెప్పాలంటే ఇది మెమరీ లీక్. ప్రతిసారీ కొంచెం మిగిలిపోతుంది, ఎవరూ ఖాళీ చేయరు, ఒకరోజు సిస్టమ్ హ్యాంగ్.

మట్టిలో ఉప్పు ఎక్కువైతే తడి ఉన్నా వేరు దాన్ని పీల్చుకోలేదు. అందుకే నాన్నకు నీళ్లు చాలనట్టు కనిపించింది. పక్కచేలో మాకంటే లోతైన బోరు ఉంది. ఆ నీళ్లు కొలిస్తే 2.2. అది చూశాక కొత్త బోరు మాట నాన్నే ఎత్తలేదు.

ముందు ఏ చౌడో తేల్చాలి

చౌడులో పాలచౌడు, కారుచౌడు అని రెండున్నాయి. పాలచౌడులో ఉప్పు తెల్లగా పైకి తేలుతుంది, పీహెచ్ సాధారణంగా 8.5 లోపే ఉంటుంది. కారుచౌడులో పీహెచ్ 8.5 దాటుతుంది. సోడియం మట్టిని పట్టుకుని బిగించేస్తుంది, వాన నీళ్లు ఇంకకుండా పైనే నిలుస్తాయి. దానికి మందు జిప్సం. అందులోని కాల్షియం సోడియాన్ని తోసేస్తుంది, తర్వాత నీళ్లతో కడిగేయాలి. ఎంత వేయాలన్నది ల్యాబ్ చెప్పాలి.

"మనం ఏటా శనక్కాయకు జిప్సం ఏస్తానే ఉండాం గదరా?" అన్నాడు నాన్న. నిజమే, కానీ పూత, ఊడల సమయంలో వేసేది గింజ నిండడానికి. అది చౌడుకు వైద్యం కాదు.

తెల్ల మచ్చ నుంచి ఒకటి, బాగున్న చోటు నుంచి ఒకటి, రెండు మట్టి నమూనాలు విడివిడిగా పంపాం. కలిపి పంపితే సగటు వచ్చి జబ్బు దాక్కుంటుంది. మా పీహెచ్ 8.1 వచ్చింది. పాలచౌడు. దీన్ని కడగాల్సింది మంచినీళ్లే. మంచినీళ్లు మాకెక్కడివి?

22 లక్షల లీటర్లు ఫ్రీ

అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. తక్కువే. కానీ ఎకరం మీద పడేది లెక్కేస్తే 22 లక్షల లీటర్లు, దాదాపు ఉప్పు లేని నీళ్లు! మేం చేసింది వాటిని ఆపడమే. వేసవిలో లోతు దుక్కి దున్నించి, గట్లు ఎత్తు చేసి, ఎకరాన్ని చిన్న మడులుగా విడగొట్టాం. లోపలికి దిగిన ఉప్పు నీరు బయటికి పోయేలా పల్లం వైపు కాలువ తీశాం. వానలు పడ్డాక ఉప్పును తట్టుకునే జీలుగ చల్లి, పూతకొచ్చినప్పుడు కలియదున్నాం. ఆ ఏడాది ఆ ఎకరంలో పైసా రాలేదు. అమ్మ ఇంటి ఖర్చు ఎలా నెట్టుకొచ్చిందో నాకు తెలుసు.

తర్వాతి ఏడాది పత్తి వేశాం. వేరుశనగ తట్టుకునే ఉప్పుకు రెట్టింపు పైనే పత్తి తట్టుకుంటుంది. సాళ్ల మధ్య వేరుశనగ పొట్టు పరిచాం. నేల ఎండకపోతే అడుగు ఉప్పు పైకి ఎగబాకదు.

ఒక ట్రిక్ మాత్రం విని నేనే నమ్మలేదు. చిన్న వాన పడుతుంటే డ్రిప్ ఆపకూడదట! డ్రిప్ ఉప్పును తడి అంచుకు నెట్టి ఉంచుతుంది. చిరుజల్లు దాన్ని మళ్లీ వేరు దగ్గరికే తెస్తుంది. పెద్ద వానైతేనే ఆపాలి.

ఇప్పుడు

ఈ మధ్య కొలిస్తే 1.1. పూర్తిగా బాగైందని చెప్పను. పల్లపు మూల ఇంకా తెల్లగానే ఉంది. అడుగు లోతు మట్టిలోని ఉప్పులో అధిక భాగం పోవాలంటే సుమారు అడుగు నీరు కిందికి ఇంకాలి. మా వానల్లో కొంత ఆవిరై, కొంత మొక్కకు పోగా మిగిలేది కొంచెమే. అందుకే ఇది ఒక్క వానాకాలంతో తేలే పని కాదు. బోరు నీళ్లు వాడినంత కాలం లెక్క రాస్తూనే ఉండాలి.

రాసేది నాన్నే. పాత క్యాలెండర్ వెనక తేదీ, ఈసీ. నేను ఎక్సెల్ షీట్ చేసిస్తానన్నాను. "ఫోన్ పోతే లెక్క పోతాది. ఉప్పు పోదు గదా" అన్నాడు.

ఈసారి పండక్కి ఊరెళ్తే సెల్ఫీల మధ్య ఒక ఫొటో ఎక్కువ తీయండి. ఇంట్లో ఎక్కడో పడున్న మట్టి కార్డుది. ఈసీ లైన్ జూమ్ చేసి నాన్నకు చదివి వినిపించండి. మేం ఒక ఏడాది ఆలస్యంగా చదివాం. దాని ఖరీదు ఒక ఎకరం పంట.