పరిచయముల వల

నరసరావుపేటలో ఇంజనీరింగు చదువు ముగించిన విద్యార్థి ఒకడు ఉద్యోగమునకై వెదకుచున్నాడనుకొందము. మొట్టమొదట అతడు ఎవరిని అడుగును? తల్లిదండ్రులను, మేనమామను, తనతో కూడ చదివిన మిత్రులను అడుగును. వీరందరును అతని మేలు కోరువారే. ఐనను వారు చెప్పగలిగినది స్వల్పము. ఏలనన, అతనికి తెలిసినదే వారికిని తెలియును. అతనికి తెలియనిది వారికిని తెలియదు. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఒక సంస్థకు సరిగా అట్టివాడే కావలసియుండవచ్చును. ఆ వార్త గురజాల చేరునప్పటికి ఆ స్థానము నిండిపోవును. పట్టణములో ఇంజనీరు ఇంట పుట్టిన పిల్లవానికి ఇట్టి వార్తలు భోజనము వేళ చెవిని పడుచుండును. మిరప చేనిలో పనిచేయు రైతు ఇంట పుట్టిన పిల్లవానికి అవి చెప్పువారు లేరు. ఇద్దరి మార్కులు ఒకటే కావచ్చును. కాని ఒకనికి అందు వార్త మరియొకనికి అందుట లేదు.

ఈ లోపమును తొలగించుటకు మార్గము కలదా? మనుష్యుల నడుమ పరిచయములు ఏ విధముగా అల్లుకొని యుండును, వాని గుండా వార్తలు ఎట్లు ప్రవహించును అను విషయమును శాస్త్రజ్ఞులు అర్ధశతాబ్దికి పైగా పరిశోధించుచున్నారు. వారు తేల్చిన సంగతులు మన విద్యార్థులకు ఎంతయు ఉపయోగపడును.

బావి నీరు, కాలువ నీరు

అమెరికాలో బోస్టను నగరమునకు చేరువనున్న న్యూటన్ పట్టణములో మార్క్ గ్రానోవెటర్ అను సాంఘిక శాస్త్రజ్ఞుడు ఒక పరిశోధన జరిపి, 1973లో దాని ఫలితములను ప్రకటించెను. పరిచయస్థుల ద్వారా క్రొత్త ఉద్యోగము సంపాదించిన 54 మందిని ఆయన ఒక ప్రశ్న అడిగెను: “మీకు ఆ వార్త చెప్పిన మనిషిని ఆ రోజులలో మీరు ఎంత తరచుగా కలిసికొనుచుంటిరి?” తరచుగా కలిసికొనుచుంటిమని చెప్పినవారు 9 మంది మాత్రమే. అప్పుడప్పుడు అని 30 మంది, ఎప్పుడో గాని కలిసికొనలేదని 15 మంది చెప్పిరి. అనగా ఎక్కువ మందికి మేలు చేసినది ప్రాణస్నేహితులు కారు, ముఖపరిచయము గలవారు.

ఇది వింతగా తోచును గాని కారణము సులభము. నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీరు వదలక పూర్వము పల్నాటి మెట్ట చేలకు వాన, చెరువు, బావి ఇవియే దిక్కు. బావిని ఎన్నిసార్లు తోడినను వచ్చునది ఆ బావి నీరే. కాలువ నీరు వేరొక చోటినుండి వచ్చును. ఆప్తబంధువులు, సన్నిహిత మిత్రులు బావి వంటివారు. కష్టకాలమున దాహము తీర్చువారు వారే. కాని క్రొత్త వార్త రావలెనన్న కాలువ వంటి పలుచని పరిచయము కావలెను. అట్టి పరిచయమునే శాస్త్రజ్ఞులు దుర్బల బంధము అందురు.

కొద్దిపాటి అడ్డదారులు

డంకన్ వాట్స్, స్టీవెన్ స్ట్రోగట్జ్ అను గణితవేత్తలు 1998లో ఈ విషయమును లెక్కలలో చూపిరి. వేయి మందిని వలయముగా కూర్చుండబెట్టి, ఒక్కొక్కరికి కుడి ప్రక్క అయిదుగురు, ఎడమ ప్రక్క అయిదుగురు మాత్రమే పరిచితులని అనుకొనుడు. ఒకరినుండి వేరొకరికి కబురు పంపవలెనన్న సగటున సుమారు 50 చేతులు మారవలెను. ఇప్పుడు ప్రతి 100 బంధములలో ఒక్కదానిని మాత్రము త్రెంపి, వలయములో ఎక్కడనో దూరముగా నున్నవారితో కలుపుడు. సగటు దూరము నాలుగవ వంతు కంటెను తగ్గిపోవును. ఇరుగుపొరుగుల సాన్నిహిత్యము మాత్రము ఇంచుమించు చెక్కుచెదరదు. దూరపు బంధములు కొద్దిగా నున్నను చాలునన్నమాట.

ఈ భావము పల్నాటివారికి పూర్తిగా క్రొత్తది కాదు. పండ్రెండవ శతాబ్దిలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని పల్నాటి వీరగాథ చెప్పుచున్నది. వేర్వేరుగా నున్న వలయములను కలుపు పని అదియే. నేడు ఫోనులలో మనము ఏర్పరచుకొను గుంపులను పరిశీలింపుడు. మన ఊరివారు, మన బంధువులు, మన కులమువారు, ఇంతియేనా? ఐనచో పరికరము క్రొత్తదైనను బావి మాత్రము పాతదే.

కబురు ఎందుకు ఆగిపోవును?

అమెరికాలోనే 1960ల నాటి వేరొక ప్రయోగమును గూడ తెలిసికొనవలెను. స్టాన్లీ మిల్‌గ్రామ్, జెఫ్రీ ట్రావర్స్ అను పరిశోధకులు నెబ్రాస్కా రాష్ట్రమునందును, బోస్టను ప్రాంతమునందును ఉన్న 296 మందిని ఎన్నుకొని, బోస్టను సమీపమున నున్న ఒక వ్యక్తికి ఒక పత్రమును చేర్చుడని కోరిరి. నియమమేమనగా, ఎవరికి వారు తమకు స్వయముగా తెలిసినవారికి మాత్రమే దానిని అందింపవలెను. గమ్యము చేరిన పత్రములకు నడుమ సగటున అయిదుగురు మాత్రమే అవసరమైరి. ప్రపంచము ఎంత చిన్నదో అని అందరును ఆశ్చర్యపడిరి.

కాని ఈ ప్రయోగములో మరియొక సంగతి గలదు. చేరిన పత్రములు 64 మాత్రమే. తక్కిన 232 పత్రములు నడుమనే ఆగిపోయినవి. అనగా బంధములు గలవని చెప్పినంతమాత్రమున చాలదు. కబురును ముందునకు చేర్చవలెనను ఇచ్ఛ ప్రతి మనిషికిని కలుగవలెను. ఆ ఇచ్ఛను పుట్టించునది ఏది? ఇక్కడనే ఔదార్యము యొక్క అవసరము కలుగుచున్నది.

ఒకరికి చేసిన మేలు

“నీవు నాకు చేసితివి గనుక నేను నీకు చేయుదును” అనునది ప్రత్యక్ష ప్రతిఫలము. సంతలో ఇచ్చిపుచ్చుకొనుట వంటిది. మార్టిన్ నోవాక్, కార్ల్ సిగ్మండ్ అను శాస్త్రజ్ఞులు 1998లో పరోక్ష ప్రతిఫలమును గణితముతో వివరించిరి. నేను మీకు సాయపడితిని. దానిని మూడవవాడు చూచెను. నాకు అవసరము వచ్చినప్పుడు అతడు సాయపడెను. ఇది జరుగవలెనన్న నా పని నలుగురి కంట పడవలెను. అంతర్జాలములో చేసిన సాయము ఎందరో చూడగలుగునట్లు నిలిచియుండును. అందువలన అక్కడ ఈ సూత్రము బాగుగా పనిచేయును.

దీనికి తెలుగువారి చరిత్రలోనే చక్కని నిదర్శనము గలదు. 1990 దశకములో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమునందలి తెలుగు విద్యార్థులు జువ్వాడి రమణ, ఆనంద కిశోర్ మొదలగువారు, ఇంగ్లీషు అక్షరములతో తెలుగును వ్రాయు పద్ధతిని ఏర్పరచి ఊరకనే అందరికిని ఇచ్చిరి. తరువాత వెన్న నాగార్జున, అట్లు వ్రాసిన దానిని యూనికోడు తెలుగులోనికి మార్చు ‘పద్మ’ అను పరికరమును తయారుచేసి, దానిని కూడ ఉచితముగనే పంచెను. ఆయనయే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేసెను. 2006లో వీవెన్ ‘పద్మ’ ఆధారముగా ‘లేఖిని’ని రూపొందించెను. ఒకరు ఇచ్చిన దానిపై వేరొకరు కట్టిరి. అడుగకయే ఇచ్చిన పని, ముఖాముఖి ఎరుగనివారిని గూడ సహోద్యోగులుగా మార్చినది. తెలుగు వికీపీడియాలో నేడు లక్షకు పైగా వ్యాసములు గలవు.

ఐతే ఔదార్యమునకు హద్దు వలదా? వలయును. ఆడమ్ గ్రాంట్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 2013లో ప్రకటించిన గ్రంథములో, ఉద్యోగ జీవితమున అందరికంటె పైనున్నవారిలోను, అందరికంటె క్రిందనున్నవారిలోను ఉదారులే ఎక్కువగా కన్పట్టుదురని వివరించెను. తమ పనిని పాడుచేసికొని, అడిగినవారికెల్ల చేయువారు క్రిందికి పోయిరి. తమకు తెలిసిన విషయములో, తమకు వీలైనంత కాలమును ఇచ్చువారు పైకి వచ్చిరి. అపాత్రదానము తగదని మన పెద్దలు చెప్పిన మాట ఇక్కడను వర్తించును.

రెండు కోట్ల మందిపై పరీక్ష

ఉద్యోగ పరిచయములకే ఏర్పడిన లింక్‌డిన్ 2003లో ప్రారంభమైనది. అందు 2 కోట్లకు పైగా సభ్యులకు చూపు పరిచయ సూచనలను వేర్వేరుగా మార్చి, 5 సంవత్సరములు జరిపిన ప్రయోగముల ఫలితములను 2022లో కార్తీక్ రాజ్‌కుమార్ మొదలగువారు ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. ఆ కాలమున సుమారు 200 కోట్ల క్రొత్త బంధములును, 6 లక్షల క్రొత్త ఉద్యోగములును ఏర్పడినవి. గ్రానోవెటర్ చెప్పినది నిజమని తేలినది. కాని ఒక సవరణతో. అన్నిటికంటె ఉపకరించినవి మరీ దగ్గరివి కావు, బొత్తిగా ఎరుగనివియు కావు. ఉమ్మడి పరిచితులు కొందరు గల మధ్యరకపు బంధములు. కావున ఊరు పేరు తెలియని వేయిమందిని చేర్చుకొనుట వ్యర్థము. మీ పాఠశాలలో పదేండ్ల క్రిందట చదివి, నేడు వేరొక చోట పనిచేయుచున్న పూర్వవిద్యార్థి మీకు సరియైన బంధము.

పాఠశాలలో చేయదగిన పని

లింక్‌డిన్‌లో సభ్యత్వము 16 ఏండ్లు నిండినవారికే. కావున ఉన్నత పాఠశాలలో ఈ పని ఉపాధ్యాయుని చేతిమీదుగా జరుగుట మేలు. పూర్వవిద్యార్థుల పట్టిక ఒకటి వ్రాసి, వారి అనుమతితో ఎవరు ఏ వృత్తిలో నున్నారో గుర్తించి, నెలకు ఒకరితో పిల్లలకు మాటలాడించవచ్చును.

పిల్లలు ఇవ్వగలిగినది ఏమున్నదని సందేహింపవలదు. కారంపూడిని గూర్చియో, పిడుగురాళ్ల సున్నపు బట్టీలను గూర్చియో ఆధారములతో వికీపీడియాలో వ్రాయవచ్చును. ఒక భౌతికశాస్త్ర ప్రయోగమును తేట తెలుగులో వివరింపవచ్చును. తమకంటె చిన్నవారి లెక్కల సందేహము తీర్చవచ్చును. ఈ పనియే రేపు వారిని గూర్చి మాటలాడును.

సలహా కోరునప్పుడు “ఉద్యోగమిప్పించుడు” అని వ్రాయరాదు. తానెవరో రెండు వాక్యములలో చెప్పి, అవతలివారు కొద్ది నిముషములలో సమాధానమీయగల ఒక్క ప్రశ్న అడుగవలెను. ఆ సలహా పాటించిన పిమ్మట ఫలితమేమైనదో తిరిగి తెలుపవలెను. ఇది చాలమంది మరచునది. బంధమును నిలుపునది ఇదియే. ఉద్యోగమిచ్చెదనని డబ్బు అడిగినవానిని, బ్యాంకు వివరములు కోరినవానిని నమ్మరాదు. ఇంటి చిరునామా, ఫోను సంఖ్య బహిరంగముగా పెట్టరాదు.

కాలువ త్రవ్వినవారు దానిని ఒక్క చేనితో ఆపలేదు. క్రింది చేనికి దారి విడిచిరి. ఈనాడు దూరపు పరిచయము వలన ఉద్యోగము పొందిన పల్నాటి విద్యార్థి, రేపు తన ఊరినుండి వచ్చు ప్రశ్నకు సమాధానము వ్రాయవలెను. అప్పుడే గురజాలకు వార్త సకాలమున చేరును.